బోర్డు పోయిందని చెప్పే ముందు మీటరు ఏం చూపించిందో చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రమైన పర్లాకిమిడిలో ఇరవై ఏళ్లకు పైగా టీవీలు, ఇన్వర్టర్లు, ల్యాప్‌టాప్‌లు బాగుచేసే చిన్న దుకాణం నడుపుతున్నాను. ఇటు కాశీనగరం, గుణుపురం వైపు నుంచీ, అటు సరిహద్దు దాటి పాతపట్నం నుంచీ వచ్చేవాళ్లు ఈ మధ్య వస్తువును నా బల్ల మీద పెడుతూనే ఒకే మాట అంటున్నారు: "బోర్డు పోయిందట, మొత్తం మార్చాలట." ఏ లైను పోయిందన్నారని అడిగితే వాళ్ల దగ్గర జవాబు ఉండదు, ఎందుకంటే ఆ మాట చెప్పిన మనిషి కూడా మల్టీమీటరు పెట్టి చూడలేదు. కాలికి ముల్లు గుచ్చుకుందని వెళితే కాలు తీసేయాలని చెప్పి పంపినట్టుంది ఈ వరస. దీని గురించి మీ పత్రిక ద్వారా వినియోగదారులకూ, నాలాంటి పనివాళ్లకూ నాలుగు మాటలు చెప్పుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

గత నెలలో పాతపట్నం నుంచి ఒక రిటైర్డు మాస్టారు ముప్పై రెండు అంగుళాల ఎల్ఈడీ టీవీని ఆటోలో పెట్టుకుని తీసుకొచ్చారు. స్టాండ్‌బై లైటు కూడా వెలగడం లేదు. వేరే చోట చూపిస్తే మెయిన్ బోర్డు మార్చాలని, ఆరు వేలు అవుతుందని చెప్పారట. వెనక మూత తీసి, పవర్ బోర్డు నుంచి మెయిన్ బోర్డుకు వెళ్లే కనెక్టరు పీకి చూస్తే పన్నెండు వోల్టులు నిక్షేపంలా వస్తున్నాయి. కనెక్టరు తిరిగి పెట్టగానే ఆ వోల్టులు పడిపోతున్నాయి. అంటే పవర్ బోర్డు బాగానే ఉంది, మెయిన్ బోర్డులో పన్నెండు వోల్టుల లైను ఎక్కడో గ్రౌండుకు, అంటే బోర్డు అంతటికీ ఉమ్మడిగా ఉండే మైనస్సుకు, కలిసిపోయింది. కరెంటు తీసేసి ఆ లైనుకూ గ్రౌండుకూ మధ్య మీటరు పెడితే, తీగల నిరోధం తీసేయగా, 0.6 ఓములు చూపించింది. మా భాషలో దీన్ని ఫుల్ షార్టు అంటాం.

ఇక్కడిదాకా ఐదు నిమిషాల పని. దీని తర్వాత వచ్చే చిక్కు వల్లే చాలామంది చేతులెత్తేసి బోర్డు మార్చమంటారు. ఆ బోర్డులో పన్నెండు వోల్టుల లైనుకూ గ్రౌండుకూ మధ్య పదికి పైగా కెపాసిటర్లు, వాటికి తోడు మూడు ఐసీలు (చిప్పులు) ఉన్నాయి. పాత మెకానిక్కులు కండెన్సర్లనే ఈ కెపాసిటర్లలో ఒక్కటి లోపల కలిసిపోయినా, అన్నీ ఒకే లైనుకు పక్కపక్కన కట్టి ఉన్నాయి కాబట్టి, మీటరు ప్రతిదాని మీదా ఒకే రకంగా కూతపెడుతుంది. ఉమ్మడి కుటుంబంలో ఒకడు అప్పు చేస్తే అప్పులవాడు ఇంట్లో అందరినీ నిలదీసినట్టన్నమాట. దొంగ ఎవడో తెలియక కొందరు పనివాళ్లు ఒక్కొక్క కెపాసిటరునూ వేడిగాలి బ్లోయరుతో పీకుతూ పోతారు. నాలుగోదో ఐదోదో పీకేసరికి పక్కనున్న ట్రాకు, అంటే బోర్డు మీది రాగి గీత, లేచిపోతుంది. అప్పటిదాకా బతికే అవకాశం ఉన్న బోర్డు అప్పుడు నిజంగానే పోతుంది.

పీకకుండా పట్టుకునే పద్ధతి ఒకటుంది. దానికి ఖరీదైన మిషన్లేవీ అక్కర్లేదు, రెండు వందల మిల్లీవోల్టుల రేంజి ఉన్న మామూలు మీటరు చాలు. డీసీ సప్లైని ఒక వోల్టుకు మించకుండా, ఒక ఆంపియరుకు మించకుండా బిగించి, దాని ప్లస్సును కనెక్టరు దగ్గర పన్నెండు వోల్టుల పిన్నుకు, మైనస్సును గ్రౌండుకు తగిలించాను. షార్టు ఉంది కాబట్టి ఆ ఆంపియరు లైను వెంట పారి, షార్టయిన చోట గ్రౌండులోకి దిగిపోతుంది. మన కాలువకు ఎక్కడో గండి పడిందనుకోండి. తూము నుంచి గండి దాకా నీరు పారుతూనే ఉంటుంది, మట్టం కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తుంది. కానీ మధ్యలో చీలిన పిల్లకాలువకు అవతల దారి లేకపోతే అందులో నీరు కదలదు, దాని పొడవునా మట్టం ఒకటే. బోర్డు మీద రాగి ట్రాకు కూడా సరిగ్గా అలాగే నడుచుకుంటుంది. మీటరు ఎర్రతీగను ప్లస్సు ఇచ్చిన చోట ఉంచి, నల్లతీగతో లైను వెంట ఒక్కొక్క కెపాసిటరు తలనూ ముట్టుకుంటూ పోతే, మొదటి దాని మీద 6.2 మిల్లీవోల్టులు, తర్వాతి దాని మీద 11.8 వచ్చాయి. అక్కడ లైను రెండుగా చీలుతుంది. ఎడమ చీలికలో చివరిదాకా వెళ్లినా అదే 11.8. కుడి చీలికలో 15, తర్వాత 17.5, ఆపైన అది పెరగలేదు. ఆ 17.5 వచ్చిన చోట ఒక ఐసీ కాలు, దాని పక్కనే రెండు కెపాసిటర్లు ఉన్నాయి. అంతసేపూ తల గోక్కోవలసిన పని ఈ మూడింటి దగ్గరికి వచ్చేసింది, ఇంకా ఒక్కటీ పీకలేదు.

ఈ అంకెలు గాలిలోంచి వచ్చినవి కావు. మామూలు బోర్డు మీద రాగి పొర మందం ముప్పై ఐదు మైక్రాన్లు. ఒక మిల్లీమీటరు వెడల్పున్న ట్రాకుకు ప్రతి మిల్లీమీటరు పొడవుకూ దాదాపు అర మిల్లీఓము నిరోధం ఉంటుంది, ఒక ఆంపియరు పారితే అర మిల్లీవోల్టు పడుతుంది. మీటరు పదోవంతు మిల్లీవోల్టును చూపించగలదు. అంటే సన్నటి ట్రాకు మీద వేలి గోరంత దూరం కూడా దానికి బాగా కనిపిస్తుంది. లోపలి పొరల్లో వెడల్పాటి రాగి పలక మీద పారే లైన్లలో ఈ తేడాలు మరీ చిన్నవై చేతికి చిక్కవని ఒప్పుకుంటాను. అక్కడ వేడిని ఆశ్రయించక తప్పదు.

ఆ మూడింటిలో ఏదన్నది తేల్చడానికి నేనూ వేడినే వాడాను. ఒక ఆంపియరు 0.6 ఓముల గుండా పారితే 0.6 వాటు. బియ్యపు గింజంత కెపాసిటరుకు అది తక్కువేమీ కాదు. పిల్లలకు సూది వేసే ముందు నర్సులు రాసే స్పిరిటు లాంటిదే ఐసోప్రొపైల్ ఆల్కహాలు. దాన్ని బ్రష్షుతో ఆ మూడింటి మీదా పూశాను. ఒక కెపాసిటరు మీద అది చూస్తుండగానే ఆరిపోయింది, మిగతా రెండూ తడిగానే ఉన్నాయి. అదే దొంగ. దాన్ని తీయగానే లైను నిరోధం కిలోఓముల్లోకి వెళ్లిపోయింది. పది మైక్రోఫారడ్లు, ఇరవై ఐదు వోల్టుల సిరామిక్ కెపాసిటరు అది. పాత బోర్డు నుంచి అలాంటిదే తీసి వేశాను, టీవీ పలికింది. భూతద్దం కింద పెట్టి చూస్తే పాత కెపాసిటరు అంచున వెంట్రుకంత బీట కనిపించింది. అది బోర్డును బిగించే స్క్రూ రంధ్రానికి ఆనుకునే ఉంది. ఇలాంటి కెపాసిటర్లలో పింగాణీ పొరలూ లోహపు పొరలూ ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి. బోర్డు కాస్త వంగితే పింగాణీ చిట్లుతుంది, చిట్లిన చోట పొరలు కలిసిపోతాయి. స్క్రూల దగ్గర, బోర్డు అంచుల దగ్గర ఉన్నవాటికి ఈ ప్రమాదం ఎక్కువ. ఈ టీవీని ఎప్పుడైనా ఎక్కడికైనా మోశారా అని అడిగితే, మాస్టారు కాసేపు ఆలోచించి, కూతురు ఇల్లు మారినప్పుడు మోటారు సైకిలు మీద ఒళ్లో పెట్టుకుని తీసుకొచ్చామని చెప్పారు.

ఇది చదివి ఎవరైనా నేను గొప్ప పనివాణ్ణని అనుకోకూడదు కాబట్టి, నా చేతుల్లో చెడిన పని కూడా చెబుతాను. చాలా ఏళ్ల క్రితం ఒక కాలేజీ కుర్రాడు ల్యాప్‌టాప్ తెచ్చాడు. ప్రాసెసరుకు వెళ్లే కోర్ లైను మీద మీటరు కూత పెట్టింది. రెండు ఓములు చూపించింది. షార్టని తేల్చేసుకుని, చూసినచోటల్లా అందరూ చేస్తున్నట్టే, ఆంపియర్లకు హద్దు పెట్టకుండా ఐదు వోల్టులు ఎక్కించి, ఏది కాలుతుందో చూద్దామనుకున్నాను. కాలింది ప్రాసెసరు. ఆ లైను నడిచేదే ఒక వోల్టు దగ్గర. కోట్ల ట్రాన్సిస్టర్లు ఉన్న ప్రాసెసరుకు ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా కోర్ లైను నిరోధం ఒకటి రెండు ఓములే ఉండవచ్చు. అక్కడ షార్టే లేదు. అసలు జబ్బు మరోచోట ఉంది. మీటరు కూత అనేది చాలా మీటర్లలో యాభై ఓముల దాకా దేనికైనా రావచ్చని, అది షార్టుకు రుజువు కాదని తెలియడానికి ఆ కుర్రాడి బోర్డు డబ్బు నా జేబులోంచి కట్టాల్సి వచ్చింది. కూత వినగానే నిర్ణయానికి రావద్దని, కుదిరితే అదే మోడలు బాగున్న బోర్డుతో ఓములు పోల్చి చూడమని నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకు అప్పటినుంచీ చెబుతున్నాను.

అందుకే పొగ వచ్చేదాకా కరెంటు ఎక్కించే పద్ధతిని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. కానీ హద్దు పెట్టి కరెంటు ఎక్కించడం, రెండు మూడు జాగ్రత్తలు పాటిస్తే, పనికొచ్చే పద్ధతే. ఆ లైను మామూలుగా నడిచే వోల్టేజీకి మించి ఎప్పుడూ ఇవ్వకూడదు, సాధ్యమైనంత తక్కువతో మొదలుపెట్టాలి. ఆంపియర్లను ఒకటితో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. ల్యాప్‌టాప్‌లో పంతొమ్మిది వోల్టుల లైనుకూ ఒక వోల్టు కోర్ లైనుకూ మధ్య స్విచ్చులా పనిచేసే ట్రాన్సిస్టరు, అంటే మాస్ఫెట్టు, షార్టయిందేమో ముందే చూసుకోవాలి. అది షార్టయి ఉంటే మనం పైలైనుకు ఇచ్చిన వోల్టులు నేరుగా ప్రాసెసరు నెత్తిన పడతాయి. ఇంకో చిత్రం ఏమిటంటే షార్టు ఎంత పూర్తిగా ఉంటే అది అంత తక్కువ వేడెక్కుతుంది. 0.05 ఓముల షార్టులో ఒక ఆంపియరుకు వచ్చే వేడి వాటులో ఇరవయ్యో వంతు. దాని కన్నా మన సప్లై తీగలే ఎక్కువ వెచ్చబడతాయి. అలాంటి చోట తొందరపడి ఆంపియర్లు పెంచుకుంటూ పోయేవాళ్లే ఎక్కువ బోర్డులు కాలుస్తారు. నిజానికి మిల్లీవోల్టుల పద్ధతి అద్భుతంగా పనిచేసేది అక్కడే.

వేడిని చూడటానికి అందరి దగ్గరా థర్మల్ కెమెరా ఉండదు. ఆల్కహాలు గురించి చెప్పాను. సోల్డరింగుకు వాడే రోజినును ఐరన్ మొనతో కరిగించి ఆ పొగను బోర్డుకు పట్టిస్తే తెల్లటి పొర పేరుకుంటుంది. కరెంటు ఇచ్చాక వేడెక్కిన భాగం మీద ఆ తెలుపు కరిగి అది నల్లగా బయటపడుతుంది. ఇంకా సులువైనది మన కిరాణా కొట్లో, పెట్రోలు బంకులో ఇచ్చే బిల్లు కాగితం. అది వేడికి నల్లబడే కాగితం. బోర్డు మీద అదిమి పెడితే వేడెక్కిన కెపాసిటరు దాని మీద చుక్క పెడుతుంది. నా దుకాణంలో ఆ కాగితాల డబ్బా ఒకటి ఎప్పుడూ ఉంటుంది. లెక్కల కోసమేనని మా ఇంట్లోవాళ్ల నమ్మకం.

డీసీ సప్లై కూడా లేని పల్లెటూరి మెకానిక్కు నన్నడిగితే నేను చెప్పేది ఇది: పెద్ద సైజు టార్చి సెల్లు ఒకటి, దానికి వరుసలో ఒక ఓము, ఐదు వాటుల సిరామిక్ రెసిస్టరు. అది ఎట్టి పరిస్థితిలోనూ ఒకటిన్నర వోల్టును పెద్దగా దాటదు, కరెంటు ఒక ఆంపియరు దరిదాపుల్లోనే ఉంటుంది. మూడు, ఐదు, పన్నెండు వోల్టుల లైన్లకు ఇది చాలు. ఒక వోల్టు కోర్ లైను జోలికి మాత్రం దీనితో పోవద్దు. సెల్లు అలసిపోతూ మిల్లీవోల్టులు కాస్త తగ్గుతూ వచ్చినా, ఏ చోట ఎక్కువ, ఏ చోట తక్కువ అన్నది మారదు. నేను మొదట్లో ఇలాగే చేసేవాణ్ణి.

ఇవన్నీ బోర్డులో చిన్న వోల్టుల వైపుకే వర్తిస్తాయి. గోడ ప్లగ్గు నుంచి వచ్చే కరెంటు నేరుగా తగిలే వైపు కథ వేరు. అక్కడి పెద్ద కెపాసిటరులో ప్లగ్గు పీకేశాక కూడా మూడు వందల వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. రెసిస్టరుతో దాన్ని ఖాళీ చేయకుండా చెయ్యి పెట్టకూడదు. అక్కడ ఫ్యూజు గాజే సగం కథ చెబుతుంది. గాజు లోపల నల్లగా మసి పట్టిందంటే గట్టి షార్టు, ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి డయోడ్లు గానీ మాస్ఫెట్టు గానీ పోయి ఉండాలి. పిడుగులు పడ్డ మర్నాడు ఎక్కువగా, హెచ్చు వోల్టేజీని అడ్డుకునే వేరిస్టరు పోతుంది. గాజు తేటగా ఉండి తీగ మాత్రమే తెగితే ఫ్యూజే అలసిపోయి ఉండవచ్చు. కొత్త ఫ్యూజు వేసి నేరుగా ప్లగ్గు పెట్టడం కన్నా, వరుసలో ఒక వంద వాటుల గుండు బల్బు కట్టి చూడటం మన పాత మెకానిక్కులు నేర్పిన ఉపాయం. బోర్డు బాగుంటే బల్బు ఒకసారి మెరిసి మసకబారుతుంది, షార్టుంటే నిండుగా వెలుగుతూనే ఉంటుంది. ఎల్ఈడీలు వచ్చాక ఆ బల్బు దొరకడమే గగనమైంది. నా దగ్గరున్న రెండింటిని కంటికి రెప్పలా కాపాడుకుంటున్నాను.

మా ప్రాంతానికి ప్రత్యేకమైన సంగతి ఒకటి చెప్పాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లా మీదుగా పోయినప్పుడు, నీళ్లలో నానిన ఇన్వర్టర్లు, సెట్‌టాప్ బాక్సులు నా దుకాణం ముందు వరుస కట్టాయి. వాటిలో చాలావాటికి ఏ భాగమూ పోలేదు. బురద, ఉప్పు పొర ఐసీ కాళ్ల మధ్య పేరుకుని కరెంటుకు దొంగదారి ఇచ్చాయి. ఇలాంటి హాఫ్ షార్టును మీటరు నలభై, వంద ఓములుగా చూపిస్తుంది. తక్కువ వోల్టుకు దాని గుండా పారే కరెంటే బహుతక్కువ కనుక మిల్లీవోల్టులతో పట్టుకోవడం కష్టం. టూత్‌బ్రష్షు, ఆల్కహాలు పెట్టి కడిగి, పూర్తిగా ఆరబెట్టి మళ్లీ కొలిస్తే ఆ ఓములు మాయమైన సందర్భాలు నాకు లెక్కలేనన్ని. వానాకాలంలో ఇన్వర్టరులో దూరి కాలిన బల్లి కూడా ఇదే కోవలోకి వస్తుంది. బల్లిని తీసేస్తే సరిపోదు, దాని కింద బొగ్గయిన బోర్డు పొరను గీకి శుభ్రం చేస్తేనే షార్టు పోతుంది.

ఈ విషయాలు నేర్చుకోవాలనుకునే మా కుర్రాళ్ల అవస్థ మీ పాఠకుల దృష్టికి తేవాలి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, మీటరు మీద ఇంగ్లీషు. బోర్డు గురించి ఏదైనా చదవాలంటే మూడింటిలో ఏదీ పూర్తిగా అక్కరకు రాదు. వ్యావహారిక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులు గారు పోరాడిన ఊరు ఇది. అలాంటి చోట ఉంటూ, పనివాడు వాడే తెలుగులో ఒక పని పుస్తకం లేదని చెప్పుకోవడం నాకు నామోషీగానే ఉంది. షార్టును షార్టనే, కెపాసిటరును కెపాసిటరనే రాస్తూ, బొమ్మలు వేసి, ఏ అంకె వస్తే ఏమని అర్థమో చెప్పే రచన ఒక్కటి ఉంటే, నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లు మొదటి ఏడాది వృథా చేయనక్కర్లేదు. వస్తువులను బాగుచేయించుకునే హక్కు గురించి కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచిందని నాకు తెలుసు, సంతోషించాను కూడా. కానీ నా బల్ల మీదికి వచ్చే బోర్డుల సర్క్యూట్ బొమ్మలు నాకు అందులో దొరకలేదు.

వినియోగదారులకు నా మనవి ఒక్కటే. బోర్డు పోయిందని ఎవరైనా చెబితే కోప్పడవద్దు, ఒప్పుకోనూ వద్దు. ఏ లైను షార్టయింది, గ్రౌండుకు ఎన్ని ఓములు చూపించింది, ఆ రెండూ చీటీ మీద రాసివ్వమని అడగండి. కొలిచి చూసిన పనివాడికి రాసివ్వడానికి అర నిమిషం పట్టదు. నిజంగానే ప్రాసెసరు పోయిన బోర్డులూ ఉంటాయి, అప్పుడు మార్చక తప్పదు. ఆ సంగతి కూడా ఆ చీటీ మీదే తెలుస్తుంది. నేను మూడేళ్లుగా ప్రతి బిల్లు వెనక ఈ రెండు మాటలూ రాస్తున్నాను. పాతపట్నం మాస్టారి బిల్లు వెనక "12 వోల్టుల లైను, 0.6 ఓము, కెపాసిటరు ఒకటి" అని రాసిస్తే, ఆయన దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, ఆరు వేలు చెప్పిన చోటికి వెళ్లి చూపిస్తానన్నారు. వెళ్లారో లేదో తెలియదు.

మీరు ఈ ఉత్తరం అచ్చు వేయదలిస్తే, కాలువ, గండి పోలికతో మిల్లీవోల్టులు ఎలా మారతాయో చూపించే బొమ్మ ఒకటి పక్కన ఉంటే బాగుంటుంది. చోటు ఇస్తానంటే నేనే గీసి పంపగలను.

భవదీయుడు,
ఒక ఎలక్ట్రానిక్స్ మెకానిక్కు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.